ముల్లులేని తేనెటీగల యూరు

యాత్ర యనినంతనే మనవారికి కాశీ, రామేశ్వరము, తిరుపతి మనసున మెదలును. ఆడువారు తేనెటీగలను జూచుటకై దూరదేశము పోయిరనిన నవ్వనివారుండరు. అందుచేత 2024వ సంవత్సరము సంక్రాంతి సెలవులలో మేము తిరువనంతపురమునకు బయలుదేఱినపుడు, పద్మనాభస్వామి దర్శనమునకని మాత్రమే ఇరుగుపొరుగు వారితో జెప్పితిమి. అది అసత్యము గాదు, పూర్తిసత్యమును గాదు. చెప్పక దాచిన ఆ సగమును ఈ పత్రిక చదువు సోదరీమణులకు విన్నవించుకొనుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మావారు ఏలూరు జిల్లా మెట్టసీమలో ఒక పల్లెటూరి పాఠశాలలో ఉపాధ్యాయులు. సాయంకాలములందు మా యింటి యరుగుపై నలుగురైదుగురు స్త్రీలు చేరుదురు. మేము భాగవతము చదివి, చేతనైనంత యర్థము చెప్పుచుందుము. వారిలో వెనుకవీధి యిల్లాలొకతె గలదు. ఆమె భర్త పోయి ఆఱేండ్లయినది. పిల్లలిద్దఱు. జీడిమామిడి తోటలలో పని దొరకిననాడు కూలి, దొరకనినాడు పస్తు. పైగా మంచముపట్టిన అత్తగారు ఇంట నుండుటచే దూరపుపనికి పోవు వీలును లేదు. ఒకనాడు చదువు ముగిసిన పిదప అందఱును లేచిపోయినను ఆమె లేవలేదు. "అమ్మగారూ, పొలం లేనివాళ్లకి, ఇల్లు కదలలేనివాళ్లకి పనికొచ్చే పని ఏదైనా మీ పుస్తకాల్లో ఉందా?" అని యడిగినది. మా తండ్రిగారు మాకు కావ్యములు చెప్పిరి, నిఘంటువు వల్లెవేయించిరి. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము మాత్రము మేమెందును చదివియుండలేదు.

మఱియొక సంగతి గూడ నిచటనే చెప్పవలెను. అంతకు ముందటి వేసవిలో బడిగోడలకు మరమ్మతు జరుగుచుండెను. పడమటిగోడ పగులులోనుండి వ్రేలెడు పొడవున నల్లని జిగురుగొట్టమొకటి బయటికి పొడుచుకొని యుండెను. దానినోట చీమలంతటి నల్లని యీగలు ముసరుచుండెను. తాపీపనివాడు చేయి నిలిపి, "ఏమి చేయమంటారమ్మా?" అని యడిగెను. మావారు బజారునకు బోయియుండిరి. పిల్లలను గుట్టునేమోయను భయముతో, "మూసివేయుము" అని మేమే చెప్పితిమి. బయట దిరుగబోయిన యీగలు మూడుదినములు ఆ తడి సిమెంటుమీద వ్రాలుచు లేచుచు నుండెను. నాలుగవనాడొక్కటియు లేదు. ఆ సంగతి మేము మఱచితిమనియే తలంచితిమి.

ఆ తరువాత కొన్నాళ్లకు, మావారికి పూర్వము ఒక శిక్షణాతరగతిలో స్నేహితుడైన మలయాళ ఉపాధ్యాయుడు వ్రాసిన యుత్తరములో, వారి యూరి స్త్రీలు కుట్టని తేనెటీగలను గొబ్బరిచిప్పలలోను, వెదురుబొంగులలోను, చిన్న చెక్కపెట్టెలలోను పెంచుచు నాలుగుడబ్బులు సంపాదించుచున్నారని యుండెను. ఆ యీగల రూపమును, గూటివాకిటి జిగురుగొట్టమును ఆయన వర్ణించినరీతి చదువుచుండగనే మావారు తలయెత్తి మా మొగము జూచిరి. మేము మాటాడలేకపోతిమి. ప్రశ్న యడిగిన యిల్లాలికి సమాధానము మా బడిగోడలోనే యుండగా, దానిని మా నోటిమాటతోనే పూడ్పించితిమి. ప్రయాణము నిశ్చయించుకొనుట కిదియే కారణము.

విజయవాడలో రాత్రివేళ బండి యెక్కితిమి. మఱునాటి మధ్యాహ్నమునకు పాలక్కాడు కనుమ దాటినంతనే నేల రంగు, చెట్ల రంగు, ఇండ్ల తీరు ఒక్కసారిగా మాఱినవి. మనవైపు ఊరొక చోట, పొలమొక చోట నుండును. అచట ఊరెక్కడ ముగిసెనో తోట యెక్కడ మొదలయ్యెనో తెలియదు. ప్రతియింటిచుట్టును కొబ్బరి, పనస, పోక, మిరియపుతీగ, అరటి కలసిమెలసి పెరుగును. పొరుగింటికి బోవలెనన్నను చెట్లనడుమనే నడువవలెను. ఇట్టి పెరళ్లు గలచోట ఏడాదిపొడవున ఏదో యొకటి పూయుచునే యుండునని, ఈ యీగలకు గావలసిన మొదటి సంపద యదియేయని తరువాత మాకు దెలిసినది. రాత్రి పది కావచ్చుచుండగా తిరువనంతపురము చేరితిమి. మఱునాటి యుదయమున స్వామిదర్శనము చేసికొంటిమి గనుక ఇరుగుపొరుగుతో జెప్పినమాట దక్కినది.

పట్టణమునకు దక్షిణముగా వెళ్లాయణి యను మంచినీటి సరస్సు గలదు. దాని సమీపముననే 1955లో స్థాపింపబడిన వ్యవసాయ కళాశాల యున్నది. తేనెటీగలనుగూర్చి, అందును ముల్లులేని యీ చిన్నజాతిని గూర్చి, అచట చిరకాలముగా పరిశోధన జరుగుచున్నది. మలయాళులు ఈ యీగను చెఱుతేనీచ్చ యనియు, దీని తేనెను చెఱుతేన్ అనియు బిలుతురు. మన చిఱునవ్వులోని చిఱుయును, వారి చెఱుతేనులోని చెఱుయును తోబుట్టువులే గదా! శాస్త్రజ్ఞులు దీనికిచ్చిన పేరు టెట్రగొనుల ఇరిడిపెన్నిస్. 1854లో స్మిత్ అను నాంగ్లేయుడు దీనిని వర్ణించి పేరిడెను. ఇంద్రధనుస్సువలె మెఱయు ఱెక్కలు గలదని రెండవమాటకు భావము. ఎండలో నిలిచి చూచినచో ఆ పేరు దగినదేయని తోచును. ఈగ నిడివి నాలుగు మిల్లీమీటర్లకు అటునిటుగా నుండును. దీనికి ముల్లు బొత్తిగా లేకపోలేదుగాని, అది కుట్టుటకు బనికిరానంతగా క్షీణించినది. కోపము వచ్చినచో జుట్టులో దూరును, కనుబొమలు కొఱుకును. అంతకుమించి యేమియు జేయలేదు. ప్రపంచమున ఇట్టి ముల్లులేని జాతులు ఐదువందలకు పైగా గలవు. మెక్సికో దేశపు మాయాజాతివారు వీనిలోనొక పెద్దజాతిని దొలిచిన మ్రానులలో బెట్టి అనాదిగా పెంచుచున్నారు.

మన పెద్దలును తేనెటీగల భేదము నెఱుగనివారు కారు. సుశ్రుతుడు పౌత్తికము, భ్రామరము, క్షౌద్రము, మాక్షికము, ఛాత్రము, ఆర్ఘ్యము, ఔద్దాలకము, దాలము అని తేనెలను ఎనిమిదిగా విభజించెను. అందు క్షౌద్రము క్షుద్రలనబడు చిన్న యీగలు కూర్చినది. బాల్యమున మా తండ్రిగారియొద్ద ఈ పేర్లన్నియు గడగడ నప్పగించినవారమే. కాని పేరు వచ్చినంతమాత్రమున వస్తువు కంటబడినపుడు గుర్తింపగలమా? గుర్తింపలేమని మా బడిగోడయే సాక్ష్యమిచ్చుచున్నది.

మూడవనాడు నెడుమంగాడు దాటి ఒక పల్లెకు బోయితిమి. త్రోవకిరువైపుల రబ్బరుతోటలు. ఆ ఋతువున రబ్బరుచెట్లు ఆకురాల్చి, మరల లేజిగురు దొడుగును. ఆ చిగురాకుల తొడిమచివర చిన్న గ్రంథులనుండి తీపినీరూరును. పువ్వుతో బనిలేకయే తేనెటీగ లా రసమును గ్రోలును. కేరళమునందలి తేనెలో మిక్కిలిపా లీ యాకుల నుండి వచ్చినదేయట. మేము దిగిన యింటి యిల్లాలు మాకంటె నాలుగైదేండ్లు పెద్దది. అచట అక్కను చేచ్చి యందురు గనుక మేమును అట్లే పిలిచితిమి. ఆమెకు తెలుగు రాదు, మాకు మలయాళము రాదు. మావారి స్నేహితుడు నడుమ దుబాసిగా నుండెను. ఆయన లేనపుడు మధు, పుష్పము, వృక్షము, గృహము వంటి మాటలు మాకిరువురకు నడుమ వంతెనలయ్యెను.

ఆమె యింటివెనుక చూరుక్రింద పదునాలుగు పెట్టెలు వరుసగా వ్రేలాడుచుండెను. పెట్టెయనగా మూరకు మించని పొడవుగల సన్నని చెక్కగూడు; లోపల రెండుశేర్ల నీరు పట్టునంత చోటు. అదిగాక నిలువుగా చీల్చి, మరల గూర్చికట్టిన వెదురుబొంగు లుండెను. మూతికిమూతి చేర్చి యంటించిన కొబ్బరిచిప్పలు గూడ నుండెను. ప్రతిదానికిని వ్రేలుపట్టని రంధ్రమొక్కటే. దానికి జిగురుగొట్టము, గొట్టమునోట నలుగురైదుగురు ద్వారపాలకులు. పెట్టె వ్రేలాడు తీగకు నడుమ నూనెగుడ్డ చుట్టియుండెను; చీమలు రాకుండుటకట.

ఆనాడు ఆ యింటి వసారాలో పదునేను మంది స్త్రీలకు పాఠము జరిగెను. కేరళమున 1998లో ఆరంభమైన కుటుంబశ్రీ సంఘములను గూర్చి సోదరీమణులు వినియేయుందురు. వారందఱు నట్టి సంఘములలోనివారే. నేర్పునది గూడ స్త్రీయే. ఆమె పలకగాని బలపముగాని పట్టలేదు. మొదట అందఱను ఒక పెట్టెకెదురుగా గూర్చుండబెట్టి, "అరగంటసేపు వాకిలి చూడుడు. ఏమి తెచ్చుచున్నవో చెప్పుడు" అనినది. కొందఱు నవ్విరి. కొంతసేపటికి నవ్వు లాగిపోయెను. కొన్ని యీగల వెనుకకాళ్లకు పసుపుపచ్చని పుప్పొడి, కొన్నిటికి నల్లని జిగురు. ఏమియు గనబడకుండ బరువుగా వచ్చి వ్రాలునవి పొట్టలో మకరందము మోయుచున్నవి. పుప్పొడి విరివిగా వచ్చుచున్నచో లోపల తల్లి గ్రుడ్లు పెట్టుచున్నదని గుర్తు. ఇంటిగడపను చూచి యింటిస్థితి తెలిసికొనుట మన కలవాటైన విద్యయే గదా!

తరువాత నొక పెట్టె తెఱచినది. మేము చెంగు మొగమునకు అడ్డము పెట్టుకొంటిమి. ఆమె దీసికొమ్మని సైగచేసినది. మామూలు తేనెపట్టువలె లోపల బల్లపరుపు తెట్టెలు లేవు. ఈ యీగలు తమ మైనములో పనస మొదలగు చెట్ల జిగురు కలిపి, దానితోనే సమస్తమును గట్టుకొనును. మూడు గదుల యిల్లనవచ్చును. నడుమ ధనియపు గింజలంతటి గోళముల గుత్తి. అవి పిల్లలుండు గదులు. ఒకప్రక్క సెనగగింజలంతటి కుండలలో పుప్పొడి. ఆవలిప్రక్క అట్టి కుండలలోనే తేనె. ఒక్కొక్క పిల్లగదిలో ముందుగా బిడ్డకు జీవితకాలమంతటికి సరిపడు ఆహారము నింపి, దానిపై తల్లి గ్రుడ్డుపెట్టగనే గది మూసివేయుదురు. పెద్దజాతి యీగలవలె దినదినము వచ్చి తినిపించుట లేదు. గ్రుడ్డు ఈగయగుటకు ఇంచుమించు ఏడువారములు పట్టును. తల్లియీగ పొట్ట బరువెక్కినపిదప ఎగురలేదు. కాబట్టి ఆమెను బెదరించినను నలిపినను ఆ సంసారమంతయు జెడును.

అటుపిమ్మట ఆనాటి ముఖ్యమైన పాఠము మొదలయ్యెను. అది తేనె తీయుట గాదు. ఒక సంసారమును రెండు చేయుట. గుత్తిలో క్రొత్తగా గట్టిన గదులు ముదురుగోధుమరంగుగా నుండును. ఈగ బయటికి వచ్చుటకు సిద్ధమైనవి పాలిపోయి యుండును. పాలిపోయిన గదులలో సగము, వానియంచున తక్కినవానికంటె పెద్దదైన రాణిగది యొకటి, చితుకని తేనెకుండలు కొన్ని, పుప్పొడికుండలు కొన్ని మెల్లగా దీసి క్రొత్తపెట్టెలో నమర్చిరి. క్రొత్తపెట్టెను పాతదున్న చోటనే వ్రేలాడదీసి, తల్లియున్న పాతపెట్టెను దూరముగా దీసికొనిపోయిరి. బయటికిబోయిన యీగలు అలవాటుచొప్పున తమచోటికే వచ్చి, క్రొత్తయింట బ్రవేశించి, పుట్టబోవు రాణికై పని మొదలిడును. చిట్లిన కుండలోని తేనెచుక్కను వెంటనే తుడిచివేయవలెను. లేనిచో చీమలును, ఒకజాతి చిన్నదోమవంటి యీగయును దూరి గూటిని నాశనము చేయును. పదునేను మందిచేతను ఒక్కొక్కరిచేత నా గుత్తిని ముట్టించి, చేతుల వణకు పోవువఱకు ఆమె యోపికగా నిలిచెను. చివరకు ఆమె చెప్పిన సూత్రమును మేము మా పుస్తకమున వ్రాసికొంటిమి: "ఒకటి రెండయిన పిదపనే తేనె." మొదటియేట తేనె యాశించిన స్త్రీకి రెండవయేట పెట్టె మిగులదట.

ఈ చిన్నయీగపై ఇంతటి శ్రద్ధ యేల కలిగెనని యడిగితిమి. దక్షిణదేశమున 1991, 92 సంవత్సరములలో థాయి శాక్‌బ్రూడ్ అను వైరసువ్యాధి మామూలు పెంపుడు తేనెటీగలకు సోకి, పెట్టెలలో మిక్కిలిభాగమును ఖాళీ చేసినది. తేనెపైనాధారపడిన కుటుంబములు దిక్కుతోచక పోయినవి. ఆ వ్యాధి ఈ చిఱుయీగల జోలికి రాలేదు. పూర్వము వీని తేనెకై గోడలు త్రవ్వి, చెట్లు నఱకి, ఒక్కసారి తీసికొని గూటిని విడిచిపెట్టెడివారు. నేడు పెంచుకొనుట నేర్చినారు.

గోడలమాట వచ్చినది గనుక మేము ధైర్యము దెచ్చుకొని మా బడిగోడ వృత్తాంతమంతయు జెప్పితిమి. దుబాసి చెప్పుచుండగా వసారా నిశ్శబ్దమయ్యెను. నేర్పునామె మమ్ము నిందింపలేదు. మమ్ము లేవదీసి, ఆ యింటి పునాదిరాళ్ల సందునకు దీసికొనిపోయినది. ఎఱ్ఱని చిల్లులరాతి గోడ యది. పగులువద్ద సన్నని ప్లాస్టిక్ గొట్టమొకటి బిగించి, చుట్టును జిగురుమట్టితో మూసియుండెను. గొట్టపు రెండవకొస ఒక ఖాళీపెట్టెలోనికి బోయెను. పెట్టె యావలివైపు రంధ్రమునకు, ఈగలు గోడకు గట్టుకొన్న పాతజిగురునే యొలిచి యంటించిరి. తమయింటి వాసన వానికి దెలియుటకట. ఇక రాకపోకలన్నియు పెట్టెలోనుండియే జరుగవలెను. కొన్నిమాసములకు త్రోవలోని యీ చోటు గూడ తమ యిల్లేయని తలంచి అందు కుండలు గట్టుట మొదలిడును. గోడ త్రవ్వ బనిలేదు, గూటిని జంప బనిలేదు. "వ్రేలెడు గొట్టము, ఎనిమిదినెలల యోర్పు" అని ఆమె నవ్వినది. మాకు నవ్వు రాలేదు.

తేనెకాలము పూర్తిగా రాకున్నను చేచ్చి మాకొఱకు ముదిరిన పెట్టె యొకటి తెఱచి, ఒకమూల తేనెకుండలను మాత్రము చెంచాతో దీసి జల్లెడలో వేసి యెండలో నుంచినది. కుండలు మెత్తబడి తేనె బొట్లుబొట్లుగా దిగెను. రంగు ముదురు, రుచి తీపితోబాటు పులుపు, చివర జిగురుచెట్టు వాసన. వైద్యులకిది మిక్కిలి ప్రియమైనది. నీటిపాలు హెచ్చు గనుక మామూలు తేనెవలె ఏండ్లతరబడి నిలువదు. పులిసి సీసామూతను పైకి నెట్టును. శుభ్రమైన గాజుసీసాలో బోసి చల్లనిచోట నుంచుకొనవలెను. ఇంకొక మాట. పుట్టిన బిడ్డకు తేనె నాకించుట మన యిండ్లలో ఆచారము. ఏడాది నిండని బిడ్డలకు ఏ తేనెయు బెట్టరాదని, దానివలన అరుదుగానైనను ప్రాణాపాయకరమైన వ్యాధి రావచ్చునని నేటి వైద్యులు చెప్పుచున్నారు. తేనె యమ్ముకొను చేచ్చియే మాకీమాట గట్టిగా జెప్పినది.

లెక్క యడుగక విడిచిన ఉపాధ్యాయుని భార్య యెట్లగును? పెట్టెకు ఏటికి అరకిలోకు అటునిటు. కొన్ని పెట్టెలలో అదియును లేదు. పదునాలుగింటినుండి చేచ్చికి ముందటియేడు 6 కిలోలు వచ్చెను. కిలో 2,000 రూపాయల చొప్పున 12,000. విడదీసిన పెట్టెలు రెండు పొరుగువారికమ్మినది. ఇదికాక పెరటి గుమ్మడి, కాకర, కొబ్బరి మునుపటికంటె బాగుగా కాయుచున్నవని ఆమె నమ్మకము. పొగ వద్దు, ముసుగు వద్దు, బరువెత్త బనిలేదు. వంటకు, పిల్లలకు నడుమ దొరకు అరగంట చాలును. "దీనితో నీ యిల్లు గడచునా?" అని యడిగితిమి. ఆమె తల యడ్డముగా నూపి, "గడవదు. బియ్యము భర్తకూలితోనే వచ్చును. ఇది నా కుమార్తె కళాశాల ఖర్చు. దీనికై నేనెవ్వరిని జేయి చాపను" అనినది. ఈ పనిని గొప్పచేసి చెప్పువారు పెక్కుమంది గలరు. మేము మాత్రము చేచ్చి లెక్కనే మా యూరికి దీసికొనిపోవ నిశ్చయించితిమి.

తిరిగివచ్చిన వారమునకే మావారు పిల్లలను వెంటబెట్టుకొని బడిచుట్టును, నూతిగట్టును, పాతసత్రపు గోడలను వెదకిరి. నూతిగట్టు పగులులో జిగురుగొట్టము కనబడెను. ఆనాడు మాకు గలిగిన సంతోషము పండుగనాడైనను గలుగలేదు. వెనుకవీధి యిల్లాలును మేమును గలసి గొట్టము బిగించితిమి. పెట్టె ఆమెయే పాత మామిడిచెక్కతో జేయించినది. బడిపిల్లలు దానికి కావలి. చూచిన ప్రతివారును, "తేనె యెప్పుడు?" అనియే యడిగిరి. ఎనిమిదవనెలలో మూత తీసి చూడగా కుండలప్రక్క ధనియపు గింజల గుత్తి కనబడినది. తల్లి పెట్టెలోనికి వచ్చినది! గొట్టము తీసివేసితిమి, గట్టులో మిగిలిన యీగలు మరల తమ వాకిలి కట్టుకొన్నవి. 2025 సంక్రాంతికి, నెడుమంగాడులో నేర్చినట్లే, ఒకటి రెండయినది. ఒకటి బడి వసారాలోను, ఒకటి ఆమె చూరుక్రిందను వ్రేలాడెను.

ఫిబ్రవరిలో ఆమె యింటిప్రక్క జీడిమామిడి తోట పూతమీద నుండగా తెల్లవాఱి పురుగుమందు చల్లిరి. మధ్యాహ్నమునకు ఆమె పెట్టెక్రింద నల్లని యావాలు పోసినట్లు ఈగలు రాలి యుండెను. ఆమె వానిని చీపురుతో ఊడ్వక చేటలోనికి చేతితో నెత్తినది. తోటవాడు దుర్మార్గుడు గాడు. ఈ యీగలు తన పూతకే మేలుచేయునని ఎవ్వరును చెప్పలేదు. మావారు పోయి చెప్పిరి. ఇపుడతడు ముందురోజే కబురుపెట్టి, ఈగలు గూడుచేరిన పిదప సాయంకాలమున చల్లుచున్నాడు. మఱునాడు మేము వాకిలికి సన్నని వలగుడ్డ కట్టి వానిని కదలనీయము. అరకిలోమీటరు లోపలనే తిరుగు ప్రాణులు. వానిని గాచుటయనగా ఆ యరకిలోమీటరు లోపలి మనుషులతో మాటాడుట. ఈ పాఠము కేరళమున నేర్పలేదు, మా యూరే నేర్పినది.

మిగిలిన పెట్టె నుండి ఏప్రిలులో ఒక చిన్న సీసాడు తేనె వచ్చినది. పాతపెట్టె రెండయిన పిదప దీసినదే గనుక సూత్రము తప్పలేదు. దాని నమ్మగా వచ్చిన సొమ్ముతో ఆమె చెక్క కొన్నది, మఱియొక పెట్టెకు. ఆనాడు మా యరుగుమీద గూర్చుండి, "తిండికి చాలదమ్మగారూ. కానీ ఎవరినీ అడక్కుండా వచ్చింది" అనినది. చేచ్చి మాటయు నిదియే గదా యనుకొంటిమి. ఒకరిభాష యొకరెఱుగరు, ఒకరినొకరు చూడనైనలేదు.

సోదరీమణులారా! ఇది చదివి రేపే పెట్టెలు కొనవలదు. చుట్టును ఏడాదిపొడవున పూయు చెట్లున్నవో లేవో మొదట చూడుడు. తులసి, మునగ, జామ, గుమ్మడి, కొబ్బరి పూచినపుడు వానిపై చీమలంతటి నల్లని యీగలు వ్రాలుచున్నవో గమనింపుడు. తరువాత గోడలు వెదకుడు. ఇల్లు మరమ్మతు చేయించునపుడు పగులునోట నల్లని జిగురుగొట్టము కనబడినచో తాపీపనివాని చేయి పట్టుకొని యాపుడు. పడమటిగోడవద్ద మేమాపలేదు. ఆ సిమెంటు అతుకు నేటికిని అక్కడనే యున్నది. దినమును నీళ్లకు బోవునపుడు దానిని జూచుచునే పోవుదుము.